సాధనలో భేష్‌... బరిలో తడబాటు
వరుసలో నిలబెట్టే శిక్షణతో గ్రామీణ క్రీడాకారులకు నష్టం
నైపుణ్య శాస్త్రం చెబుతున్న పాఠాలు మైదానానికి చేరేదెన్నడు?

శ్రీకాకుళం: సాయంత్రం చివరి గంట మోగగానే ఉన్నత పాఠశాల మైదానం సందడిగా మారుతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడు ఈల వేయగానే నలభై మంది పిల్లలు ఒకరి వెనుక ఒకరు బారులు తీరతారు. ఒక్కొక్కరే మధ్య గీత దాటి కూత పెడుతూ ముందుకు వెళ్తారు. ఎదుట ఎవరూ లేని చోట కాలు చాపి, గిరుక్కున తిరిగి, గీత తాకి వరుస చివరకు చేరుకుంటారు. కాలు చాపిన తీరు చక్కగా ఉంటే ఉపాధ్యాయుడు ‘భేష్‌’ అంటారు. జిల్లాలోని పలు మైదానాల్లో ఏళ్ల తరబడి కబడ్డీ సాధన ఈ విధంగానే సాగుతోంది.

ఇదే పిల్లవాడు మండల, డివిజన్‌ స్థాయి పోటీలకు వెళ్తాడు. కూతకు వెళ్లిన అయిదారు క్షణాల్లోనే మూలన ఉన్న ఆటగాడు చీలమండ పట్టేస్తాడు. రోజూ చాపిన కాలు ఆ రోజు చాపడానికి వీలుండదు. ‘మైదానంలో అంత బాగా చేసేవాడు, ఇక్కడేమైంది?’ అన్న ప్రశ్న ఉపాధ్యాయుడిని వేధిస్తుంది. భయపడ్డాడనో, శ్రద్ధ లేదనో, ఒంట్లో బలం చాలలేదనో తీర్మానించి సరిపెట్టుకోవడం పరిపాటిగా మారింది. పిల్లవాడు సైతం ఆ మాటే నమ్మి, మరుసటి ఏడాది మైదానం వైపు రావడం మానేస్తాడు.

లోపం పిల్లవాడిలో ఉందా? లేక సాధన రూపకల్పనలో ఉందా? మనిషి నైపుణ్యాన్ని ఎలా అలవరచుకుంటాడన్న విషయంపై దాదాపు వందేళ్లుగా జరుగుతున్న పరిశోధనలు రెండో సమాధానం వైపే మొగ్గు చూపుతున్నాయి. ఆ పరిశోధనల సారాంశం మన పల్లె మైదానాలకు ఏ మేరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ విశ్లేషణ ఉద్దేశం.

రాణించడం వేరు... నేర్వడం వేరు

సాధన సమయంలో పిల్లవాడు ఎంత బాగా చేశాడన్నది ఒక విషయం. వారం తర్వాత, కొత్త చోట, కొత్త ప్రత్యర్థి ఎదుట ఎంత బాగా చేయగలడన్నది మరో విషయం. మొదటిది ఆ పూట ప్రదర్శన మాత్రమే. రెండోదే అసలైన అభ్యసనం. ఈ రెండూ ఒకటేనన్న భ్రమ నుంచే శిక్షణలో చాలా పొరపాట్లు పుడుతున్నాయి.

ఒకే పనిని ఇరవై సార్లు వరుసగా చేయిస్తే పదోసారికల్లా తీరు కుదురుకుంటుంది. చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. చేసేవారికి తమకు వచ్చేసిందన్న ధీమా కలుగుతుంది. అయితే ఇరవయ్యోసారి చేస్తున్నప్పుడు అతడు ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. అంతకుముందు చేసినదాన్నే మళ్లీ అప్పగించేస్తాడు. బడిలో గుణకారం లెక్కలు పది వరుసగా ఇస్తే పిల్లలు తలెత్తకుండా చేసేస్తారు. అవే లెక్కల మధ్య కూడికలు, భాగహారాలు కలిపితే ప్రతి లెక్క వద్దా ఆగి, ‘ఇక్కడ ఏం చేయాలి’ అని తేల్చుకోక తప్పదు. పరీక్షలో అడిగేది ఆ తేల్చుకునే శక్తినే. బరిలోనూ అంతే.

కమ్మరి సమ్మెట నేర్పిన పాఠం

1920ల్లో మాస్కోలోని కేంద్ర కార్మిక సంస్థలో నికొలాయ్‌ బెర్న్‌స్టెయిన్‌ అనే శరీరధర్మ శాస్త్రవేత్త కార్మికుల కదలికలను అధ్యయనం చేశారు. ఉలిపై సుత్తితో కొట్టే అనుభవజ్ఞుల కీళ్ల వద్ద చిన్న బల్బులు అమర్చి, చేయి కదిలే మార్గాన్ని ఛాయాచిత్రాలుగా తీశారు. చేయి తిరిగిన వాడి దెబ్బలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయని ఎవరైనా భావిస్తారు. అందుకు భిన్నంగా ఏ రెండు దెబ్బల్లోనూ భుజం, మోచేయి, మణికట్టు కదలిన మార్గం ఒకేలా లేదు. అయినా సుత్తి మాత్రం గురి తప్పకుండా ఉలి మీదే పడింది.

మన ఊరి కమ్మరి కొలిమి వద్ద కాసేపు నిలబడితే ఇదే దృశ్యం కనిపిస్తుంది. ఇనుము కాక మారుతుంది, ముక్క మందం మారుతుంది, పట్టకారు కోణం మారుతుంది. సమ్మెట వేసేవారు ప్రతి దెబ్బకూ చేతిని తగినట్టు సర్దుకుంటారు. అతడి నేర్పు ఒకే దెబ్బను మళ్లీ మళ్లీ వేయడంలో లేదు. ఎదురైన ప్రతి పరిస్థితికీ తగిన దెబ్బను అప్పటికప్పుడు కనుగొనడంలో ఉంది. బెర్న్‌స్టెయిన్‌ దీన్నే ‘పునరావృతం కాని పునరావృతం’ అన్నారు. మళ్లీ మళ్లీ చేయాల్సింది సమస్యను పరిష్కరించే ప్రయత్నాన్ని గానీ, ఒకే పరిష్కారాన్ని కాదన్నది దీని భావం.

వరుసలో నిలబడి ఖాళీ చోటికి కాలు చాపే పిల్లవాడు పరిష్కారాన్ని వల్లె వేస్తున్నాడు. సమస్య అతడికి ఎదురే కావడం లేదు.

ప్రయోగాలు ఏం తేల్చాయి?

ఇది కేవలం ఊహ కాదనడానికి నిదర్శనాలు ఉన్నాయి. 1978లో కెర్‌, బూత్‌ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచులను గురి చూసి విసిరించారు. ఒక బృందం మూడు అడుగుల దూరం నుంచే సాధన చేసింది. మరో బృందం రెండు, నాలుగు అడుగుల దూరాల నుంచి చేసింది కానీ మూడు అడుగుల జోలికి పోలేదు. చివరి పరీక్ష మాత్రం మూడు అడుగుల నుంచే పెట్టారు. ఆ దూరం నుంచి అంతవరకూ విసరని బృందమే మెరుగ్గా గురి కొట్టడం గమనార్హం.

1986లో గూడ్‌, మాగిల్‌ బ్యాడ్మింటన్‌లో కొత్తగా అడుగుపెట్టిన యువతులకు మూడు రకాల సర్వీసులు నేర్పించారు. కొందరికి ఒక రోజు ఒకే రకం, మరికొందరికి మూడింటినీ కలగలిపి సాధన చేయించారు. మూడు వారాల అనంతరం నిర్వహించిన పరీక్షలో కలగలిపి నేర్చినవారే ముందున్నారు. అలవాటు లేని రెండోవైపు కోర్టు నుంచి సర్వీస్‌ చేయమన్నప్పుడు సైతం వారిదే పైచేయి అయింది.

1994లో అమెరికాలో ఒక కళాశాల బేస్‌బాల్‌ జట్టుపై జరిగిన ప్రయోగం శిక్షకులకు మరింత దగ్గరగా ఉంటుంది. ఆరు వారాల పాటు, వారానికి రెండు సార్లు, పూటకు 45 బంతులు అదనంగా వేయించారు. బంతులు మూడు రకాలు. ఒక బృందానికి ఒక్కో రకం పదిహేను చొప్పున వరుసగా వేశారు. మరో బృందానికి ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు. మూడో బృందానికి అదనపు సాధన లేదు. బంతులను కలిపి పెట్టిన పరీక్షలో మొదటి బృందం సుమారు 25 శాతం మెరుగుపడగా, కలగలిపి ఆడిన బృందం సుమారు 57 శాతం మెరుగుపడింది. అదనపు సాధన లేనివారి మెరుగుదల 6 శాతం దగ్గరే ఆగింది. రెండు బృందాలూ ఆడిన బంతుల సంఖ్య సమానమే, వెచ్చించిన సమయమూ సమానమే. మారిందల్లా వరుస క్రమం ఒక్కటే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలో కనిపించినంత ప్రస్ఫుటంగా ఈ తేడా నిజమైన మైదానాల్లో కనిపించడం లేదని, పిల్లల విషయంలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయని తదుపరి సమీక్షలు తెలిపాయి. ఏ పద్ధతైనా సర్వరోగ నివారిణి కాదు. దేన్ని ఎప్పుడు వాడాలన్న విచక్షణ శిక్షకుడిదే.

కబడ్డీలో అసలు సమస్య ఏది?

జిల్లాకు క్రీడల్లో ప్రపంచ ఖ్యాతి తెచ్చినవారిలో కరణం మల్లీశ్వరిది అగ్రస్థానం. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట నుంచి వెళ్లిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్‌ అండ్‌ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్‌ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇనుప కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. అది పక్కకు తప్పుకోదు, మోసం చేయదు. ఎప్పుడు ఎత్తాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. ఇటువంటి వాటిని శాస్త్రం ‘మూసిన నైపుణ్యాలు’ అంటుంది. ఇందులో ఒకే కదలికకు పదును పెట్టడానికి అర్థం ఉంది.

కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌, బ్యాడ్మింటన్‌, క్రికెట్‌ బ్యాటింగ్‌ అందుకు భిన్నమైన ‘తెరిచిన నైపుణ్యాలు’. ఇక్కడ సమస్య ప్రతి క్షణం మారుతుంది. కూతకు వెళ్లిన ఆటగాడికి 30 సెకన్ల గడువు ఉంటుంది. ఎదుట ఏడుగురు ఉండవచ్చు, ఇద్దరే మిగిలి ఉండవచ్చు. మూలనున్నవాడి బరువు ఏ కాలిపై ఉంది, గొలుసు కట్టిన ఇద్దరి మధ్య సందు ఎంత, మధ్య గీత ఎన్ని అడుగుల దూరంలో ఉంది, బోనస్‌ గీత దాటడం లాభమా, ఖాళీ చేతులతో తిరిగి రావడం క్షేమమా అన్నవి అతడు చూపుతోనే తేల్చుకోవాలి. కాలు చాపడం ఆ నిర్ణయం తర్వాత జరిగే చివరి పని మాత్రమే.

చూపును, నిర్ణయాన్ని పక్కన పెట్టి కాలిని మాత్రమే సాధన చేయించడం ఈత రావడానికి గట్టు మీద చేతులు ఆడించడం వంటిది. కండరాలకు వ్యాయామం దక్కవచ్చు గానీ నీటిలో తేలడం మాత్రం రాదు.

ఒక చిన్న లెక్క

వరుస పద్ధతిలో ఉన్న మరో లోపం మరింత స్థూలమైనది. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల సమయం, ఒకే బరి ఉన్నాయనుకుందాం. ఒక్కో కూతకు, మనిషి మారడానికి కలిపి ముప్పావు నిమిషం పడుతుంది. అంటే మొత్తం 53 కూతలు. నలభై మందికి పంచితే తలకు ఒకటి, కొందరికి రెండు. మిగిలిన సమయమంతా నిలబడి ముందువాడి వీపు చూడటమే.

అదే మైదానంలో ముగ్గుతో ఎనిమిది చిన్న బరులు గీసి, అయిదుగురు చొప్పున విడదీస్తే లెక్క తారుమారవుతుంది. ఒకరు కూతకు వెళ్తే నలుగురు కాచుకుంటారు. ఒక్కో బరిలో 53 కూతలు. అంటే ప్రతి పిల్లవాడూ పదిసార్లకు పైగా కూతకు వెళ్తాడు, నలభై సార్లకు పైగా పట్టుకు ప్రయత్నిస్తాడు. ఖర్చు కేవలం పిడికెడు ముగ్గుపిండి. కొత్త ఉపాధ్యాయుడు అక్కర్లేదు, మ్యాట్‌ అక్కర్లేదు, ఏ నిధులూ మంజూరు కానవసరం లేదు.

2008లో గచ్చిబౌలిలో ప్రారంభమైన గోపీచంద్‌ అకాడమీ వంటి చోట్ల క్రీడాకారులకు నిత్యం గంటల తరబడి సాధన, తోడుగా శిక్షకులు ఉంటారు. అక్కడ ఓ అరగంట వృథా అయినా పూడ్చుకునే వీలుంది. పొలం పనులకు, ఇంటి పనులకు వెళ్లాల్సిన పల్లె పిల్లవాడికి ఉన్నది ఆ ఒక్క గంటే. సాధన రూపకల్పన శాస్త్రం పెద్ద అకాడమీల కంటే పేద మైదానాలకే ఎక్కువ అవసరమన్నది ఇందుకే.

వీధి ఆటలో ఉన్న విజ్ఞానం

నియమాలు మార్చడం ద్వారా నేర్పవచ్చన్న ఆలోచనను 1986లో కార్ల్‌ న్యూవెల్‌ సిద్ధాంతీకరించారు. ఆటగాడి శరీరం, చుట్టూ ఉన్న పరిసరం, చేయాల్సిన పనికి పెట్టిన నియమం... ఈ మూడు పరిమితుల మధ్య నుంచే కదలిక పుడుతుందని ఆయన ప్రతిపాదించారు. శిక్షకుడు ఆటగాడి చేతిని పట్టుకుని దిద్దనవసరం లేదు. బరిని, నియమాన్ని మారిస్తే కదలిక దానంతట అదే మారుతుంది.

ఈ సంగతి మన పిల్లలకు సిద్ధాంతం పేరు తెలియకుండానే తెలుసు. వీధి క్రికెట్‌లో ‘గోడ దాటితే ఔట్‌’ అన్న నియమం ఎవరు పెట్టారో గానీ, బంతిని నేల మీదుగా కొట్టడం నేర్పింది అదే. ‘ఒక పిచ్‌ పడ్డాక పట్టినా ఔటే’ అన్న నియమం మెత్తటి చేతులతో ఆడటం నేర్పింది. ఆస్ట్రేలియాలోని బౌరల్‌ పట్టణంలో బాలుడైన డాన్‌ బ్రాడ్‌మన్‌ ఇంటి వెనుక నీళ్ల ట్యాంకు దిమ్మకు గోల్ఫ్‌ బంతిని కొట్టి, అది తిరిగి వచ్చేటప్పుడు వికెట్‌ పుల్లతో మళ్లీ కొడుతూ ఆడుకునేవాడు. బంతి ఎటు వస్తుందో తెలియదు, చేతిలో పుల్ల సన్నం. శిక్షకుడు లేడు గానీ సమస్య మాత్రం ప్రతిసారీ కొత్తగా ఎదురైంది.

కబడ్డీకి దీన్ని అన్వయించడం కష్టం కాదు. బరిని సన్నగా గీస్తే కూతకు వెళ్లినవాడు పక్కలకు తప్పుకోలేక ముందుకూ వెనక్కూ కదలడం నేర్చుకుంటాడు. వెడల్పుగా గీస్తే కాచేవారు ఒకరినొకరు కనిపెట్టుకుని కదలక తప్పదు. కూత సమయాన్ని 15 సెకన్లకు కుదిస్తే నిర్ణయ వేగం పెరుగుతుంది. ‘ఈసారి పాయింట్‌ తేకుంటే ఔటే’ అంటే ప్రో కబడ్డీలో కనిపించే డూ ఆర్‌ డై కూత ఒత్తిడి పల్లె మైదానంలోనే అలవాటవుతుంది. ముగ్గురినే కాపలా ఉంచి, పట్టు పడితే రెండు పాయింట్లు ఇస్తే తక్కువ మందితో కూడబలుక్కుని పట్టడం వస్తుంది. ఉపాధ్యాయుడు ఒక్క మాట చెప్పనవసరం లేకుండా ఆటే పాఠం చెబుతుంది.

మాట తగ్గితేనే మేలు

శిక్షణ అంటే ఎడతెగకుండా చెప్పడమే అన్న అభిప్రాయం మనలో బలంగా నాటుకుపోయింది. ‘మోకాలు వంచు, నడుము దించు, చెయ్యి చాపు, తల ఎత్తు’ అంటూ గీత పక్క నుంచి అరుపులు వినిపిస్తుంటాయి. ఈ మాటలన్నీ పిల్లవాడి దృష్టిని ప్రత్యర్థి నుంచి తన ఒంటి మీదకు మళ్లిస్తాయి. 1998లో గాబ్రియెల్‌ వుల్ఫ్‌ బృందం స్కీయింగ్‌ను పోలిన యంత్రంపై జరిపిన ప్రయోగంలో తమ పాదాలపై మనసు నిలిపినవారి కంటే, పాదాల కింద ఉన్న చక్రాలపై మనసు నిలిపినవారు మెరుగ్గా నేర్చుకున్నారు. దృష్టి ఒంటి మీద కాకుండా చేసే పని ఫలితంపై ఉండాలన్నది దీని సారాంశం.

‘మోకాలు వంచు’ అనే బదులు ‘నేలను వెనక్కు తన్ను’ అనవచ్చు. ‘చెయ్యి ఇలా చాపు’ అనే బదులు ‘వాడి మడమ ఎప్పుడు నేల వదులుతుందో చూడు’ అనవచ్చు. మాటలో తేడా చిన్నదే అయినా చూపు వెళ్లే చోటు పూర్తిగా మారిపోతుంది.

1992లో రిచ్‌ మాస్టర్స్‌ గోల్ఫ్‌పై జరిపిన ప్రయోగం మరో హెచ్చరిక చేస్తోంది. సూచనలన్నీ వివరంగా చదివి నేర్చుకున్నవారు ఒత్తిడి ఎదురైనప్పుడు తడబడ్డారు. సూచనలు లేకుండా, మనసును వేరే పనిలో ఉంచి నేర్చుకున్నవారు ఒత్తిడిలో ఆ విధంగా వెనుకబడలేదు. తలలో దాచుకున్న సూచనలు కీలక సమయంలో తన్నుకువచ్చి, సాఫీగా సాగాల్సిన కదలికకు అడ్డుపడతాయని దీని వివరణ. పోటీ రోజున తల్లిదండ్రులు, ఊరివారు చూస్తుండగా పిల్లవాడు కొయ్యబారిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

తప్పొప్పులు చెప్పడంలోనూ మితం అవసరం. 1990లో విన్‌స్టీన్‌, ష్మిట్‌ జరిపిన పరిశోధనలో ప్రతి ప్రయత్నం తర్వాత ఫలితం విన్నవారి కంటే, సగం ప్రయత్నాలకే విన్నవారు తర్వాతి పరీక్షలో మెరుగ్గా నిలిచారు. ప్రతిసారీ ఎవరో ఒకరు చెబుతుంటే తానుగా గ్రహించే అలవాటు సన్నగిల్లుతుంది. బరిలోకి దిగాక చెప్పేవారు పక్కన ఉండరు కదా. కూత ముగిశాక ‘తప్పు చేశావు’ అనే బదులు ‘ఎడమ మూల వాడు ఎక్కడ నిలబడ్డాడో చూశావా?’ అని అడగడం ఉత్తమం. జవాబు వెతుక్కునే పిల్లవాడు మరుసటి కూతలో చూసి తీరతాడు.

వరుస పూర్తిగా వదిలేయాలా?

అలాగని విడిగా చేసే సాధనకు తావే లేదనడం మరో అతివాదం అవుతుంది. 1967లో ఫిట్స్‌, పోస్నర్‌ నైపుణ్యార్జనను మూడు దశలుగా వివరించారు. ఏం చేయాలో అర్థం చేసుకునే దశ, తప్పులు సవరించుకుంటూ కూర్చుకునే దశ, ఆలోచించకుండానే జరిగిపోయే దశ. మొదటి దశలో ఉన్న ఆరో తరగతి పిల్లవాడికి అన్నీ కలగలిపి ఇస్తే గందరగోళపడి మొత్తానికే వదిలేసే ప్రమాదం ఉంది. కొద్దిసేపు ఒకే పని చేయించి, అది పట్టుబడుతున్న కొద్దీ మార్పులు పెంచుతూ పోవడం విజ్ఞత.

భద్రత దృష్ట్యా కొన్ని విడిగా నేర్పక తప్పదు. మట్టి నేలపై ఎలా పడాలి, మోకాలికి దెబ్బ తగలకుండా చీలమండ ఎలా పట్టాలి, మెడ ఎలా కాచుకోవాలి అన్నవి ఆటలోకి వదలకముందే నెమ్మదిగా, ఒద్దికగా నేర్పాల్సినవి. చిన్న బరుల్లో ఆడించేటప్పుడు బరువు, ఎత్తు చూసి జట్లు చేయడం, హద్దులకు ఇటుకలు, రాళ్లు కాకుండా ముగ్గు లేదా పాత చెప్పులు వాడటం మరవరాదు.

‘పదివేల గంటలు కష్టపడితే ఎవరైనా నిపుణులవుతారు’ అన్న ప్రచారాన్ని కూడా యథాతథంగా నమ్మనవసరం లేదు. 1993లో ఆండర్స్‌ ఎరిక్సన్‌ బృందం బెర్లిన్‌లోని వయొలిన్‌ విద్యార్థులపై జరిపిన అధ్యయనంలోని ఒక సగటు అంకె, 2008లో వచ్చిన మాల్కం గ్లాడ్‌వెల్‌ పుస్తకంతో సూత్రంగా మారిపోయింది. ఎరిక్సన్‌ నొక్కి చెప్పింది గంటల సంఖ్యను కాదు, లోపాన్ని గుర్తించి సవరించుకునే సాధన తీరును. వరుసలో నిలబడిన గంటలను ఎన్ని కలిపినా సాధన కాబోదు.

ఎంపికల్లోనూ అదే పొరపాటు

ఈ వ్యవహారంలో పిల్లల భవిష్యత్తు ముడిపడి ఉంది. క్రీడా పాఠశాలలో సీటు, కళాశాలలో క్రీడా కోటా ప్రవేశం, ఆపై ఉద్యోగంలో ఓ అవకాశం... కూలి చేసుకునే ఇంటి పిల్లవాడికి ఇవి జీవితాన్ని మలుపు తిప్పే మెట్లు. వీటన్నింటికీ మొదటి గడప ఎంపిక పోటీలు. అక్కడ వందల మంది పిల్లలను ఒక్క పూటలో చూసి తేల్చే పరిస్థితుల్లో చూడముచ్చటగా చేసినవాడికే మార్కులు పడతాయి. వరుస సాధనలో పండినవాడు ఆ పూట మెరుస్తాడు. ఆటను చదవగలిగినవాడు, కదలిక అంత సొగసుగా లేకపోవడంతో మరుగున పడతాడు. ఏటా ఇలా ఎందరిని పోగొట్టుకుంటున్నామో లెక్క చెప్పే దస్త్రం ఏ కార్యాలయంలోనూ ఉండదు.

ఉపాధ్యాయుల ఇబ్బందినీ గుర్తించాలి. వందలాది విద్యార్థులున్న బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కరే ఉన్న చోట్ల క్రమశిక్షణకు వరుసే సులభమైన దారి. నేరుగా నిలబడిన వరుసలను చూస్తే ప్రధానోపాధ్యాయుడికి, తనిఖీకి వచ్చిన అధికారికి, గేటు వద్ద నిలబడిన తల్లిదండ్రులకు శిక్షణ బాగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఎనిమిది చిన్న బరుల్లో కేకలు, పొరపాట్లు, వాదనలతో సాగే సాధన చూపరులకు అల్లరిగా తోస్తుంది. నేర్చుకోవడం జరుగుతున్నప్పుడు మైదానం కొంత చిందరవందరగానే ఉంటుందన్న సత్యాన్ని పర్యవేక్షించేవారు అంగీకరించనంత కాలం ఏ ఉపాధ్యాయుడూ మార్పుకు సాహసించలేడు.

ఒక గంటను ఇలా వాడుకోవచ్చు

* మొదటి 10 నిమిషాలు: ఒళ్లు వేడెక్కించేందుకు మైదానం చుట్టూ పరుగుకు బదులు తాకుడు ఆటలు. తప్పించుకోవడం, చుట్టూ చూడటం అక్కడే మొదలవుతుంది.
* తర్వాతి 10 నిమిషాలు: పడే తీరు, పట్టే తీరు వంటి భద్రతాంశాలు. జంటలుగా, నెమ్మదిగా.
* ఆపై 25 నిమిషాలు: చిన్న బరుల్లో ఆట. అయిదారు నిమిషాలకోసారి కాచేవారి సంఖ్య, బరి వెడల్పు, కూత గడువులో ఏదో ఒకటే మార్చాలి.
* చివరి 15 నిమిషాలు: పూర్తి ఆట. ‘నాలుగు పాయింట్లు వెనుకబడ్డాం, మూడు నిమిషాలే మిగిలాయి’ వంటి పరిస్థితులు కల్పించాలి. చివర ఒకటి రెండు ప్రశ్నలు అడిగి ముగించాలి.
* సోమవారం నేర్పినదాన్ని గురువారం ముందస్తుగా చెప్పకుండా పరీక్షించాలి. అప్పటికి నిలిచిందే నేర్చుకున్నట్టు లెక్క.

అధికారులు చేయదగినవి

వ్యాయామ ఉపాధ్యాయులకు ఏటా నిర్వహించే సమావేశాల్లో పోటీల తేదీలు, జట్ల నమోదు వంటి అంశాలతో పాటు ఒక పూట సాధన రూపకల్పనకు కేటాయించాలి. ఉపన్యాసంగా కాకుండా మైదానంలో పిల్లలతో చేసి చూపితేనే ప్రయోజనం. ఎంపికలను ఒక పూట ప్రదర్శనకు పరిమితం చేయకుండా రెండు రోజులు చిన్న జట్ల ఆటలుగా నిర్వహించి, జట్లను మారుస్తూ చూడాలి. ఎవరు ఏ జట్టులోకి వెళ్లినా ఆ జట్టు మెరుగుపడుతోందో గమనిస్తే అసలైన ఆటగాడు దొరుకుతాడు. తనిఖీల్లో వరుసల ఒద్దికను కాకుండా గంటలో ఒక్కో పిల్లవాడికి ఎన్ని ప్రయత్నాలు దక్కాయో లెక్కించాలి.

మంచి మైదానాలు, పౌష్టికాహారం, బూట్లు, మ్యాట్లు కావాలనడంలో సందేహం లేదు. శాస్త్రం పేరు చెప్పి వాటిని దాటవేయడం తగదు. అయితే అవి వచ్చేదాకా పిల్లల ఈడు ఆగదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు మరో రెండేళ్లలో బడి దాటిపోతాడు. ఈలోగా అతడికి సాయంత్రం దక్కే గంటలో ముప్పావు వంతు ముందువాడి వీపు చూస్తూ గడిచిపోతే, ఆ నష్టాన్ని తర్వాత ఏ స్టేడియమూ పూడ్చలేదు. రేపు సాయంత్రం ఈల వేసేముందు, వరుసకు బదులు పిడికెడు ముగ్గుతో చిన్న బరులు గీసి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.